సాధారణం అని రాసిన రోజులు

నా పంతొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. రోజుకు ఒక పేజీ, పేజీలో నాలుగు గళ్లు: లేచిన వేళ, వాతావరణం, చేసిన పని, ఆరోగ్యం. నా పెళ్లి రోజున రాశాను. మా నాన్న పోయిన రోజునా రాశాను. కిందటేడాది డైరీ ఇప్పుడు నా ముందు ఉంది. ఆషాఢం నుంచి మార్గశిరం దాకా ఒక్క పేజీ ఖాళీ లేదు. ఆరోగ్యం గడిలో ప్రతిరోజూ ఒకటే మాట ఉంది: సాధారణం.

అది నిజం కాదు. ఆ రోజుల్లో చాలా వాటిలో నేను మంచం దిగలేదు. కొన్ని రోజులు బతకాలని కూడా అనుకోలేదు. నలభై ఆరేళ్లుగా ఉన్నదున్నట్టు రాస్తున్నానని గర్వపడిన పుస్తకంలో ఆ ఆరు నెలలూ అబద్ధం రాశాను. దాన్ని సరిచేయడానికే ఇప్పుడు కూర్చున్నాను. నాలాగే ఎవరికీ చెప్పకుండా గదిలో కూర్చున్నవాళ్లు ఇంకా ఉండి ఉంటారు. వాళ్ల చేతికి ఇది అందితే మంచిదే. మందుల పేర్లు రాయను. అవి ఎవరివి వారివే. నాకు ఏమనిపించిందో, ఎవరెవరి దగ్గరికి వెళ్లానో మాత్రం రాస్తాను.

ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, నా జబ్బు దాని అలవాట్లలోనే దాక్కుంది కాబట్టి. నది నీటిమట్టం చూసి రాయడం నా పని. వంతెన స్తంభానికి అడుగులు, అంగుళాలు గీసిన పలక ఉంటుంది. దాన్ని గేజి అంటారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి పుస్తకంలో వేయాలి. వరదొస్తే గంటగంటకూ వేయాలి. శ్రీకాకుళం జిల్లాలో ముప్ఫై మూడేళ్లు ఆ పని చేశాను. వరద రోజుల్లో ఒక్క అంకె కూడా తప్పలేదు. మామూలు రోజుల్లో జ్వరమో, చుట్టాల పెళ్లో వచ్చి ఒక పూట తప్పిపోతే, ముందు పూట అంకెకూ తర్వాతి పూట అంకెకూ మధ్యస్థంగా ఒకటి వేసి నింపేవాడిని. పుస్తకంలో ఖాళీ కనిపిస్తే పైవాళ్లు అడుగుతారు. అంకె కనిపిస్తే అడగరు. నది కూడా ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

రిటైరయ్యాక నెల్లిమర్లలో ఇల్లు కట్టుకున్నాం, నేనూ నా భార్య నూకరత్నమూ. ఆమె నా మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచి ఎలా పిలిచేదో ఇప్పుడూ అలాగే బావా అని పిలుస్తుంది. మా ఇద్దరమ్మాయిలకూ పెళ్లిళ్లయ్యాయి. మూడేళ్లు బాగానే గడిచాయి.

ఆషాఢం

విజయనగరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వెళ్తున్నాను. దారిలో రైల్వే గేటు వేశారు, బస్సు ఆగింది. ముందొక లారీ, వెనకొక ట్రాక్టరు. నిలబడ్డవాళ్లు నా భుజం మీదికి ఒరిగి ఉన్నారు. రోజూ జరిగేదే. ఉన్నట్టుండి నాకు గాలి అందలేదు. గుండె ఎవరో లోపలి నుంచి తలుపు బాదినట్టు కొట్టుకుంది. చేతులు చల్లబడిపోయాయి. ఈ బస్సులోనే చనిపోతాను, దిగడానికి దారి లేదు అనిపించింది. ఎవరి కాళ్లు తొక్కానో తెలియదు, ఎలాగో దిగాను.

కండక్టరమ్మ నా వెనకే దిగి వచ్చింది. మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది. తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

"ఏటయినాది తాతగారూ? కళ్లు తిరుగుతన్నాయా?"

"ఏం లేదమ్మా. ఉక్క."

"ఉక్కేటి, చినుకులు పడతంటే," అంది. గేటు తీసేదాకా నా పక్కనే నిలబడింది. డ్రైవరు హారను కొడుతుంటే, "ఆగవయ్యా, పెద్దాయన కుదుటపడనీ," అని కేకేసింది. నేను ఎక్కనన్నాను. నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిచి ఇంటికొచ్చాను. డైరీలో 'విజయనగరం వెళ్లలేదు' అని రాశాను. ఆరోగ్యం గడిలో అలవాటు కొద్దీ సాధారణం అని రాశాను.

మొదటి అబద్ధం అదే. అప్పటికి అది అబద్ధమని నాకే తెలియదు.

శ్రావణం, భాద్రపదం

గుండెకు పరీక్షలు చేయించాం. తీసుకెళ్లింది నా బావమరిది సింహాచలం, నూకరత్నం తమ్ముడు. శృంగవరపుకోట దగ్గర మామిడి, జీడి తోటలు చేస్తాడు. అయిదేళ్ల కిందట భార్య పోయింది. నోరు పెద్దది, మనసులో ఏదీ ఉంచుకోని మనిషి అని అప్పట్లో అనుకునేవాడిని.

"బావా, నీ గుండికాయ కొత్త మోటారులాగున్నాదంట. మా బోరుకి బిగించుకుంతాను, ఇచ్చెయ్," అన్నాడు రిపోర్టు చూసి. నేను నవ్వాను. గుండెలో ఏమీ లేదని తెలిసినందుకు సంతోషించాలి. నాకు భయం పెరిగింది. జబ్బు ఉంటే మందుంటుంది. ఏమీ లేకపోతే ఇదంతా ఏమిటి?

నేను తిరిగే చోటు తగ్గుతూ వచ్చింది. ముందు బస్సు మానేశాను. తర్వాత సంత మానేశాను, అక్కడ జనం ఎక్కువని. తర్వాత వీధి చివర టీ కొట్టు. తర్వాత వరండా, దారినపోయేవాళ్లు పలకరిస్తారని. స్నానాల గది తలుపు గడియ పెట్టుకోవడం మానేశాను. చివరికి మంచమూ, దాని పక్క కిటికీ మిగిలాయి. నన్ను ఎవరూ బంధించలేదు, అన్ని తలుపులూ తీసే ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి వరదకు గేజి గది చుట్టూ నీళ్లు చేరి రెండు రోజులు అందులోనే ఉండిపోయాను. అటుకులు తిని, గంటగంటకూ అంకె వేస్తూ కూర్చున్నాను. ఆ రెండు రోజుల్లో ఒక్క క్షణం కూడా భయపడలేదు. నీళ్లు తగ్గుతాయని తెలుసు. ఎంత తగ్గాయో పలక మీద కనిపిస్తుంది. ఇప్పుడు నా చుట్టూ ఉన్నదానికి పలక లేదు.

అన్నిటికన్నా కష్టమైన వేళ ఉదయం పదిగంటలు. బయట ఎండ కాస్తుంది, పక్కింట్లో కుక్కరు కూస్తుంది, లోకమంతా పనిలో ఉంటుంది. నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటాను. కాళ్లు కదుపుదామంటే అవి నావి కానట్టు ఉండేవి. నూకరత్నం గంటకోసారి వచ్చి చూసేది.

"ఏటయినాదో సెప్పు బావా. సెప్తే కదా తెలుస్తాది."

"ఏం లేదు."

"ఏం నేకపోతే లెగు. లెగిసి ముకం కడుక్కో."

లేవలేకపోయేవాడిని. ఒకసారి ఆమె విసిగి కంచం ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. వంటింట్లో ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. అనుకుంటూనే పడుకున్నాను.

అలా భాద్రపదంలో తొమ్మిది రోజులు వరసగా పడుకున్నాను. పదో రోజున కొంచెం తేలికగా ఉండి లేచి బల్ల దగ్గర కూర్చుంటే తొమ్మిది ఖాళీ పేజీలు కనిపించాయి. మంచంలో ఉన్నన్నాళ్లూ రాని సిగ్గు అప్పుడొచ్చింది. కలం తీశాను. లేచిన వేళ అయిదున్నర, అయిదూ నలభై, అయిదున్నర. పని: మొక్కలకు నీళ్లు, పుస్తకాలు సర్దడం. వాతావరణం దగ్గర ఆగిపోయాను.

"రత్నం, మొన్న మంగళవారం వాన పడిందా?"

ఆమె గుమ్మంలో నిలబడి నన్నూ, తెరిచి ఉన్న డైరీనీ చూసింది. "పడినాది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వాన అని రాసి, కింద సాధారణం అని రాశాను. ముందు రోజుకూ తర్వాతి రోజుకూ మధ్య ఒక అంకె. తర్వాత చాలాసార్లు అదే పని చేశాను.

ఆశ్వయుజం

ఊళ్లో పైడితల్లమ్మ పండుగ హడావుడి. మా వీధంతా విజయనగరం వెళ్లింది. నేను వెళ్లలేదు, నూకరత్నం ఒక్కతే వెళ్లి వచ్చింది. వచ్చాక నుదుట బొట్టు పెట్టి, నిమిషం సేపు నా తల మీద చేయి పెట్టి ఉంచింది.

ఆ వారంలోనే సింహాచలం కారు మాట్లాడి, నన్ను ముందు సీట్లో కిటికీ దించి కూర్చోబెట్టి, విశాఖపట్నంలో ఒక పెద్ద మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ మూడు గంటలు కూర్చున్నాం. తలుపు దగ్గర టోకెను నంబరు ఎర్రగా వెలుగుతుంది. మాకన్నా ముందు నలభై మంది. ఎవరూ ఎవరి మొహం చూడరు. అందరూ ఎదుటి గోడనున్న టీవీ చూస్తారు, దానికి చప్పుడు లేదు. నా పక్కన ఒక తల్లి, పెళ్లీడు కూతురు చేయి పట్టుకుని కూర్చుంది. కూతురు వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. కాసేపటికి ఆ తల్లి సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఒకటి కూతురికి, ఒకటి నాకు ఇచ్చింది. ఏ ఊరని కూడా అడగలేదు.

డాక్టరుగారు తెర వైపు చూస్తూ టైపు చేసుకుంటూ అడిగారు.

"ఎన్నాళ్లుగా?"

సంచిలోంచి డైరీ తీసి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "చదవండి," అన్నారు. తెరిచి చదివాను. లేచిన వేళ అయిదున్నర. మొక్కలకు నీళ్లు. ఆరోగ్యం సాధారణం. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"బాగానే ఉన్నారు కదా. రిటైరయ్యాక కొందరికి ఇలా ఉంటుంది. ఇవి వాడండి, నడవండి, నెల తర్వాత రండి."

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మందు ఇప్పటికీ ఆయన చెప్పినట్టే వాడుతున్నాను. నిద్ర దానివల్లే వచ్చింది. బయట నలభై మంది ఉంటే ఏ మనిషి అయినా ఎంతసేపని చూస్తాడు? పైగా ఆయన ముందు తప్పుడు పుస్తకం పెట్టింది నేనే.

తర్వాత మా పెద్దమ్మాయి ఫోనులో మాట్లాడే కౌన్సెలరు ఒకరిని కుదిర్చింది. మర్యాదస్తుడైన కుర్రవాడు. ఏదో కాగితం చూసి అడిగేవాడు.

"మీ భయానికి ఒకటి నుంచి పది వరకు ఎంత వేస్తారు సర్?"

"అయిదు."

"దిగులుకి?"

"అయిదు."

"ఆకలికి?"

"అయిదు."

మధ్య అంకె వేయడం నాకు చేతికి అలవాటైన పని. మూడో వారం ఆ అబ్బాయి, "మీరు చాలా నిలకడగా ఉన్నారు సర్," అని మెచ్చుకున్నాడు. థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాను. నాకు సాయం చేయగలిగినవాళ్లు ఇక లేరని ఆ రోజు తేల్చుకున్నాను.

కార్తీకం

ఈ భాగం రాయడానికి నాలుగు రోజులు వాయిదా వేశాను.

కార్తీకంలో ఉన్నట్టుండి నాకు ఓపిక వచ్చింది. ఉదయమే లేచి బీరువాలో కాగితాలన్నీ కిందికి దించాను. ఇంటి దస్తావేజులు ఒక ఫైలు, పెన్షను కాగితాలు ఒకటి, కరెంటు, గ్యాసు పుస్తకాలు ఒకటి. ప్రతి ఫైలు మీదా పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను, నూకరత్నం అద్దాలు లేకుండా చదవగలిగేలా. ఏది ఎవరిని అడగాలో ఒక కాగితం రాశాను. ఆ కాగితం పైన 'నా తర్వాత' అని శీర్షిక పెట్టాను. అంత శ్రద్ధగా నేను ఒక పని చేసి నెలలయింది. మనసు ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతే అన్నిటికన్నా ప్రమాదమైనదని తర్వాత తెలిసింది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఇంట్లో మనిషి ఇలా సర్దుకోవడం కనిపిస్తే, కోలుకున్నాడని మురిసిపోవద్దు. పక్కన కూర్చుని అడగండి.

నూకరత్నం ఆ కాగితం చూసింది. అయిదో తరగతి దాకా చదివింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. రెండు మాటలే కదా. చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. వీధి గుమ్మంలో కూర్చుంది. మధ్యాహ్నం వంట చేయలేదు. నేను లేచి బయటికి రాబోతే కదలలేదు.

"జరుగు రత్నం. గాలికి వెళ్తాను."

"నేదు. నువ్వు ఎక్కడికీ ఎల్లవు."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"నాకేటి పని. కూకుంతాను."

సింహాచలానికి ఎప్పుడు ఫోను చేసిందో తెలియదు. సాయంత్రానికి బండి మీద వచ్చాడు. ఆ రోజు హాస్యాలు లేవు. అక్క ఇచ్చిన కాగితం చదివాడు. నా మంచం మీద, నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"బావా, నీకొకటి సెప్తాను. అక్కకి కూడా తెలీదు. మా యావిడ పోయాక నాను ఎనిమిది నెలలు విజయనగరంలో ఒకావిడ దగ్గరికి ఎల్లినాను. మనసు బాగులేనోళ్లని మాటాడించే ఆవిడ. సంతకి ఎల్తన్నానని ఇంట్లో సెప్పేవోన్ని. ఎవులైనా సూస్తారేమోనని సంచిలో రెండు వంకాయలేసుకుని మరీ ఎల్లేవోన్ని."

గుమ్మం దగ్గర నుంచి నూకరత్నం, "అందుకేటిరా, ఆ ఏడాదంతా నీ ఇంట్లో వంకాయ కూరే," అంది.

ముగ్గురిలో ఎవరం నవ్వలేదు, కానీ గదిలోకి కొంచెం గాలి వచ్చినట్టయింది. సింహాచలం ఆ వారమంతా మా ఇంట్లోనే ఉన్నాడు. వరండాలో నులకమంచం వేసుకుని తన తోట సంగతులు చెబుతూనే ఉన్నాడు. నన్ను కాపలా కాస్తున్నాడని ఇద్దరికీ తెలుసు.

మార్గశిరం

సింహాచలం చెప్పిన ఆవిడ పేరు మాధవి గారు. నలభై దాటి ఉంటాయి, బొబ్బిలి వైపు మనిషి. ఆవిడ గది మేడ మీద. కింద వాటాలో ఒక వయొలిన్ మాస్టారు పిల్లలకు పాఠం చెబుతారు. మేం మెట్లెక్కుతుంటే ఎవరో పిల్ల ఒకే వరస తప్పుగా వాయిస్తోంది, మాస్టారు విసుగు లేకుండా "మళ్లీ" అంటున్నారు.

గదిలోకి వెళ్లగానే ఆవిడ, "బాబాయిగారూ, తలుపు వెయ్యమంటారా, తీసి ఉంచమంటారా?" అని అడిగింది.

ఆరు నెలల్లో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తీసి ఉంచమన్నాను. నూకరత్నం, సింహాచలం బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ నా కుర్చీని తలుపు కనిపించేలా తిప్పింది. తను కొంచెం పక్కగా కూర్చుంది, తలుపుకు అడ్డం రాకుండా.

మొదటిరోజు నేను దాదాపు ఏమీ మాట్లాడలేదు. "మాటాడకపోయినా కూర్చోవచ్చు," అంది. కూర్చున్నాను. కింద "మళ్లీ", "మళ్లీ" అని వినిపిస్తూనే ఉంది. వెళ్లేటప్పుడు సంచిలోని డైరీ చూసి అదేమిటని అడిగింది. చెప్పాను. "నేను చూడొచ్చా?" అంది. ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, వచ్చేసారి తీరిగ్గా చూస్తానని తిరిగి ఇచ్చింది. రెండో సారి వెళ్లినప్పుడు నా ముందే తెరిచి, ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు చూసింది.

"మీ అక్షరం రోజుకో రకంగా ఉంటాది బాబాయిగారూ. ఒకరోజు వాలుతుంది, ఒకరోజు నిలబడుతుంది. ఒకరోజు సిరా పలచన. ఇదిగో, భాద్రపదంలో ఈ తొమ్మిది పేజీలూ మాత్రం ఒకేలా ఉన్నాయి. ఒక్కసారే కూర్చుని రాసినట్టు. ఆ తొమ్మిది రోజులూ ఏటి జరిగింది?"

ముప్ఫై మూడేళ్లలో నా పుస్తకం చూసి ఏ పై అధికారీ పట్టుకోలేనిది అది. తలుపు వైపు చూశాను. ఆవిడ తొందరపెట్టలేదు. కింద పిల్ల రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా వాయించింది. మాస్టారు అప్పుడు కూడా "మళ్లీ" అనే అన్నారు.

"తలుపు వేయండి," అన్నాను.

లేచి వేసింది. చెప్పాను. గేజి గురించి, మధ్య అంకె గురించి, కౌన్సెలరు అబ్బాయికి చెప్పిన అయిదుల గురించి, ఫైళ్ల గురించి. మధ్యలో ఆవిడ ఒక్కటే అడిగింది. "చచ్చిపోదామనిపించిందా బాబాయిగారూ?"

అంత సూటిగా, అంత మెల్లగా నన్ను ఎవరూ అడగలేదు. అవునన్నాను. ఆవిడ మొహంలో భయం కనిపించలేదు, జాలి కూడా కనిపించలేదు. వింటున్న మనిషి మొహం అది. "ఇప్పుడు కూడా అనిపిస్తోందా?" అంది. రోజూ కాదన్నాను. అలా అనిపించినప్పుడు ఎవరికి ముందు చెప్పాలో, ఎవరు పక్కన ఉండాలో నా చేతనే రాయించింది. విశాఖ డాక్టరుగారికి ఉన్న సంగతి ఉన్నట్టు ఉత్తరం రాస్తానంది, మందు ఆయనే చూసి మారుస్తారని. ఇదంతా మా ఆవిడకు చెప్పడానికి నా అనుమతి అడిగింది.

సరేనన్నాను. ఆవిడ తలుపు తీసింది. నూకరత్నం వచ్చి కూర్చుంది. నేను తల వంచుకుని, "అన్నిటికన్నా నాకు భయమేమిటంటే అమ్మా, ఎన్ని రోజులు అలా పోయాయో నాకే తెలియదు. పుస్తకం నిండా ఉంది, అందులో ఏది నిజమో చెప్పలేను," అన్నాను.

"నాకు తెలుసు," అంది నూకరత్నం.

మేమిద్దరం ఆమె వైపు చూశాం.

"పైడితల్లమ్మకి మొక్కుకున్నానమ్మా. ఈ మనిసి లెగలేని రోజులెన్నో అన్ని దీపాలు ఎలిగిస్తానని. మొదట పడుకున్న కాడినుంచీ రోజుకొక సింతపిక్క సీసాలో వేస్తన్నాను. నిన్నటికి యాబై మూడు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు బాగున్నానని రాసుకుంతన్నావు కదా. కాదని నానెందుకు అనాలి?" అంది. "అమ్మవారి దగ్గిర నీ గేజి పుస్తకంలోలాగ మద్దె అంకెలు ఏస్తే కుదరదు బావా."

మరుసటి వారం ఆ సీసా తెచ్చింది, పాత కాఫీపొడి సీసా. మాధవి గారు దాన్ని డైరీ పక్కన పెట్టింది. అబద్ధం రాసినందుకు ఒక్క మాట అనలేదు. డైరీ మానేయమనీ అనలేదు. "ఇక నుంచి ఖాళీ వదలండి. రాయలేని రోజు రాయకండి. వెనక్కెళ్లి నింపకండి," అంది. అంతే. వినడానికి చిన్న మాట. మొదటిసారి ఒక పేజీ ఖాళీగా వదిలి తర్వాతి పేజీకి వెళ్లాను. ఎవరో అడుగుతారని రెండు రోజులు ఎదురుచూశాను.

పుష్యం తర్వాత

జబ్బు పోయిందని రాయను. తగ్గింది. వారానికోసారి మేడ ఎక్కుతున్నాను. కొన్నిసార్లు తలుపు తీసి ఉంటుంది, కొన్నిసార్లు వేసి ఉంటుంది, వెళ్లిన రోజును బట్టి. ఆవిడ చెప్పినట్టు సింహాచలంతో కలిసి రైల్వే గేటు దాకా నడిచి, గేటు పడి, రైలు పోయి, గేటు లేచేదాకా నిలబడి వెనక్కి రావడం మొదలుపెట్టాను. మొదటిసారి సగం దారిలోనే తిరిగొచ్చాను.

"రైలు నిన్ను ఎక్కమనలేదు బావా, సూడమంతన్నాది అంతే," అనేవాడు సింహాచలం. ఇప్పుడు ఆ గేటుమనిషి మమ్మల్ని గుర్తుపట్టి చేయి ఊపుతాడు. ఎందుకొస్తామో అడగలేదు.

ఫాల్గుణంలో మొక్కు దీపాలకు పైడితల్లమ్మ గుడికి వెళ్లాం. బస్సులోనే వెళ్దామని నేనే అన్నాను. అదే గేటు దగ్గర బస్సు ఆగింది. చేతులు చల్లబడడం మొదలైంది. ఈసారి ఉక్క అని చెప్పలేదు.

"రత్నం, వచ్చింది," అన్నాను.

"దిగుతావా?"

"దిగుతాను."

ఇద్దరం దిగాం. బస్సు వెళ్లిపోయింది. ఒడిలో ప్రమిదల సంచి పెట్టుకుని నూకరత్నం రాతి మీద కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. అరగంట తర్వాత ఆటోలో వెళ్లాం. తర్వాత పడ్డ రెండు పిక్కలూ కలిపి యాభై అయిదు దీపాలు వెలిగించడానికి గంట పట్టింది. గాలికి కొన్ని ఆరిపోతే మళ్లీ వెలిగించింది. నేను నూనె పోశాను. సీసాలోని పిక్కలన్నీ అక్కడే చెట్టు మొదట్లో పోసింది. ఖాళీ సీసా ఇంటికొచ్చి వంటింటి అలమరలోకి చేరింది.

కిందటి వారం మళ్లీ ఒకరోజు లేవలేకపోయాను. పదిగంటలు, గోడ, పక్కింటి కుక్కరు, అన్నీ అలాగే వచ్చాయి. పాతదంతా తిరిగొచ్చిందనుకున్నాను. నూకరత్నం వచ్చి చూసింది, అన్నం పెట్టి వెళ్లింది, ఏమీ అడగలేదు. సాయంత్రం అయిదుకు కాళ్లు నేల మీద పెట్టగలిగాను. బల్ల దగ్గరికి వెళ్లి డైరీ తెరిచి, ఆ పేజీ చూసి, అలాగే మూసేశాను. తర్వాత వంటింట్లోకి వెళ్లాను. ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది. చింతపండు బుట్టలోంచి ఒక పిక్క ఏరి, అలమరలోంచి సీసా దించి అందులో వేశాను. ఖాళీ సీసాలో ఒక్క పిక్క పడితే అంత చప్పుడవుతుందని నాకు తెలియదు.

"ఏటది?" అంది నూకరత్నం, వెనక్కి తిరగకుండానే.

"ఇవాళ్టి మంగళవారం," అన్నాను.